డయాలసిస్ మెషిన్ మీద అంకెలు: పేషెంటు ఏవి చూసుకోవాలి?

మిర్చియార్డు గుమాస్తా, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. షుగరు ముదిరి కిడ్నీలు దెబ్బతిన్నాయి. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి డయాలసిస్ మీద ఉన్నాను. మొదట మెడ దగ్గర గొట్టం వేసి చేశారు, ఇప్పుడు ఎడమ చేతి ఫిస్టులాకి, అంటే ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలిపిన చోట, సూదులు పెడుతున్నారు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుటి షిఫ్టు, నాలుగు గంటలు. ఆరోగ్యశ్రీ కింద, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరుగుతోంది కాబట్టి డబ్బు ఇబ్బంది లేదు.

నా గొడవ వేరే. వార్డులో టీవీ నా బెడ్ నుంచి కనపడదు. ఒంటి చేత్తో ఫోన్ ఎంతసేపని పట్టుకుంటాం? అంచేత నా కాలక్షేపం ఆ మెషినే. అంకెలు మారుతుంటాయి, ఉన్నట్టుండి కుయ్యిమంటుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, టెక్నీషియన్ కుర్రాడు పరుగున వచ్చి ఏదో నొక్కి వెళ్లిపోతాడు. ఏమైంది బాబూ అంటే "ఏం లేదు బాబాయ్, పడుకోండి" అంటాడు. మంచి పిల్లాడే. ఒక్కడే ఐదారు మెషిన్లు చూసుకోవాలి, నిలబడి చెప్పే తీరిక ఎక్కడిది? కానీ కాటా చూసి బతికిన మనిషిని నేను. కళ్లముందు అంకె మారుతుంటే అదెందుకు మారిందో తెలియకుండా కన్ను మూతపడదు.

మొన్న సోమవారం ఫోన్లో ఎక్కించుకున్నవి ఇవి. వెళ్లేసరికి బరువు 65.4. ఫైల్లో డ్రై వెయిట్, అంటే ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పటి బరువు, 62 అని ఉంది. మెషిన్ మీద యూఎఫ్ గోల్, అంటే ఆ రోజు మొత్తం లాగాల్సిన నీరు, 3900 ఎమ్మెల్, యూఎఫ్ రేట్ 975, బ్లడ్ ఫ్లో 280. ఆర్టీరియల్ మైనస్ 160. వీనస్ 150తో మొదలై 170 దాకా పోయింది. టీఎంపీ అని ఇంకొకటి. కండక్టివిటీ 14.0, టెంపరేచర్ 36.5. మూడో గంటలో రెండు పిక్కలూ పట్టేసి వార్డంతా వినపడేలా అరిచాను. బీపీ పైది 90కి దిగింది. సెలైన్ ఎక్కించి తల కిందికి దించారు.

తెలిసినవాళ్లు చెప్పండి. నా ఒంట్లో ఎక్కువున్నది 3.4 కిలోలైతే 3900 ఎందుకు పెట్టారు? ఆ అరకిలో ఎవరి ఖాతాలోది? మైనస్ అంటే ఏమిటి, ఎక్కువ మైనస్ మంచిదా తక్కువ మైనస్ మంచిదా? వీనస్ 170 అంటే కంగారు పడాలా? డాక్టరు గారు రౌండ్సుకి వచ్చి బీపీ చార్టు చూసి వెళ్లిపోతారు, ఇవన్నీ ఆయన్ని నిలబెట్టి అడగడానికి నాకు మొహమాటం.

టెక్నీషియన్, బెజవాడ

బాబాయ్ గారూ, నేను విజయవాడలో డయాలసిస్ టెక్నీషియన్ని. "ఏం లేదు, పడుకోండి" అని నేనూ రోజుకు ఎన్నిసార్లంటానో! ఆ కుర్రాడి తరఫున నేను చెప్తాను.

ముందు మీ అరకిలో. చివర్లో మిమ్మల్ని దించేటప్పుడు ట్యూబుల్లోనూ ఫిల్టర్లోనూ మిగిలిన మీ రక్తాన్ని సెలైన్‌తో తోసి మీ ఒంట్లోకే పంపిస్తాం. ఆ సెలైన్ 200 నుంచి 300 ఎమ్మెల్ దాకా పడుతుంది. మధ్యలో మీరు తాగే టీ, మాత్రలకు నీళ్లు ఇంకో 200. ఇవి కూడా ఒంట్లోకి చేరేవే కాబట్టి ముందే కలిపి పెడతాం. 3400కి 500 కలిపితే 3900. లెక్క కరెక్టే.

మీ పిక్కలు పట్టేసింది మాత్రం దాని పక్కనున్న 975 వల్ల అయ్యుంటుంది. అది గంటకు ఎన్ని ఎమ్మెల్ నీరు లాగుతున్నామో చెప్పే అంకె. దాన్ని మీ డ్రై వెయిట్‌తో భాగించండి. 975 బై 62, అంటే కిలోకి గంటకు దాదాపు 15.7 ఎమ్మెల్. మామూలుగా 13 దాటకుండా చూసుకోమంటారు. మీ బరువుకి 13 అంటే గంటకు 806, నాలుగు గంటలకు 3.2 లీటర్లు. మీ దగ్గర 3.9 లాగారు.

ఎందుకు 13 అంటే, మెషిన్ నీటిని నేరుగా మీ కాళ్ల వాపులోంచి లాగదు, రక్తంలోంచే లాగుతుంది. రక్తంలో తగ్గిన నీటిని ఒంట్లో మిగతా చోట్ల నుంచి నీరు వచ్చి నింపాలి. దానికి టైము పడుతుంది. అది వచ్చి చేరేలోపు మనం ఇంకా లాగేస్తుంటే రక్తం పరిమాణం తగ్గి బీపీ పడుతుంది, కండరాలు పట్టేస్తాయి. రోజూ ఇలాగే వేగంగా లాగితే గుండెకీ మంచిది కాదు.

మార్గాలు లేకపోలేదు. అదే 3900ని ఐదు గంటల్లో తీస్తే గంటకు 780 అవుతుంది, హద్దులో పడుతుంది. లేదా ఆ రోజుకి 3.2 లీటర్లే తీసి మిగతాది బుధవారానికి ఉంచుతారు. ఏదైనా డాక్టరు గారు రాయాలి, నేను గానీ మీ కుర్రాడు గానీ సొంతంగా మార్చలేం. ఇంకో సంగతి కూడా ఆయన చెవిన వేయండి. డయాలసిస్ మొదలైన కొన్ని నెలలకు వాంతులు తగ్గి ఆకలి వేస్తుంది, తిండి పడుతుంది, ఒళ్లు చేస్తుంది. అప్పుడు పాత డ్రై వెయిట్ పట్టుకుని కూర్చుంటే నీరు కాని బరువుని కూడా నీరనుకుని లాగుతాం. మీరు మొదలెట్టింది సంక్రాంతికి అంటున్నారు, ఆ 62 ఎప్పుడు రాసిందో చూడమనండి.

ఇక మైనస్. పంపు సూది దగ్గర నుంచి రక్తాన్ని గుంజుతుంది, గుంజుడు కాబట్టి మైనస్. అంకె పెరిగేకొద్దీ కష్టంగా గుంజుతున్నట్టు. మైనస్ 160 బాగానే ఉన్నట్టు. మైనస్ 200 దాటి పోతుంటే సూది సర్దుతాం, 250 దాటితే ఫ్లో తగ్గిస్తాం. సూది మొన నరం గోడకి తగిలినా, బీపీ పడినా, చేయి మడిచినా ఇది ఇంకా మైనస్‌లోకి పోతుంది. ఇంకొకటి, అంత గట్టిగా గుంజుతున్నప్పుడు స్క్రీన్ మీద 300 అని కనపడ్డా నిజంగా 300 రాదు. ట్యూబు నొక్కుకుపోయి తక్కువ వస్తుంది. అందుకే ఫ్లో ఎక్కువ పెట్టించుకోవడం ఘనకార్యమేం కాదు.

వీనస్ అంటే శుభ్రమైన రక్తం తిరిగి మీ నరంలోకి వెళ్లేటప్పుడు ఎదురయ్యే ఒత్తిడి. 280 ఫ్లోకి 150, 170 అనేవి మామూలే. సన్నసూది వాడితే ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది. ఒక్కసారిగా ఎగబాకితే ట్యూబు మెలిపడిందా, చేయి మడిచారా, చాంబర్లో గడ్డ కట్టిందా అని చూస్తాం.

పేషెంట్లందరికీ నేను మొత్తుకునేది ఒకటుంది. వీనస్ సూది జారి బయటికి వచ్చేస్తే మెషిన్ ప్రతిసారీ పట్టుకోలేదు. సూదిలోంచి పోవడానికే కొంత ఒత్తిడి కావాలి కాబట్టి, సూది బయటికి వచ్చినా అంకె కొంచెమే తగ్గి అలారం హద్దులోనే ఉండిపోవచ్చు. పంపు తన పని తాను చేస్తూ రక్తాన్ని పక్క మీదకు పోసేస్తుంది. ఏసీ చలికి దుప్పటి కప్పుకోండి, కాదనను. ఫిస్టులా చేయి మాత్రం ఎప్పుడూ బయటే, మాకు కనపడేలా ఉండాలి. అక్కడ తడి తగిలినా వెచ్చగా అనిపించినా గట్టిగా పిలవండి.

మిర్చియార్డు గుమాస్తా, గుంటూరు

బాబూ, నీకు వెయ్యి దండాలు. గంటకు 806 అన్నది అట్ట మీద రాసి ఫైలుకి అంటించుకున్నాను. ఈ శుక్రవారం గమనించింది ఇంకొకటి ఉంది. మా సెంటర్లో లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులతో, జేబులో ఫోనుతో, ప్యాంటు మీద తూస్తారు. వచ్చేటప్పుడు లుంగీ మీద, ఒట్టి కాళ్లతో తూస్తారు. మా యార్డులో టిక్కీ తూచి గోనె బరువు తీయకపోతే రైతు ఊరుకుంటాడా? కిలో దాకా తేడా వస్తోంది. ఆ కిలో కూడా నా ఒంట్లోంచే లాగుతున్నారు కదా!

పటమట లెక్కల టీచర్

గుమాస్తా గారూ, కాటా విషయం మీరు పట్టుకున్నంత తొందరగా ఎవరూ పట్టుకోలేదు. అదే లుంగీ, ఒట్టి కాళ్లు, ఫోను పక్కన పెట్టి రెండుసార్లూ ఒకే కాటా మీద తూయించుకోండి. వార్డులో రెండు కాటాలుంటే ఒకదాని మీదే నిలబడండి.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. డయాలసిస్‌లో మీకంటే బాగా సీనియర్ని, ఈ సీనియారిటీకి ఇంక్రిమెంట్లు లేవు. టెక్నీషియన్ బాబు చెప్పినవన్నీ సత్యమే. కానీ మీరడిగింది ఏవి చూసుకోవాలని. స్క్రీన్ మీదున్న ప్రతి అంకె వెంటా పడితే బీపీ మీకే పెరుగుతుంది. నేను రూళ్ల పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకున్నాను, ఐదోది గీయను.

ఒకటి బరువు. రెండోది గంటకు తీసే నీరు. ఇది ఎక్కించిన వెంటనే చూడాలి. పిక్క పట్టేశాక చూసి లాభమేమిటి? "బాబూ, ఇవాళ రేటు ఎంత వచ్చింది" అని మర్యాదగా అడగండి. ఎక్కువొస్తే అప్పుడే సిస్టర్ చేత డాక్టరుకి ఫోన్ చేయించండి. మొహమాటం పెళ్లిళ్లలో చూపిద్దురు గాని.

మూడోది వీనస్. ఇది నా కథ, కాస్త ఓపిగ్గా చదవండి. నాలుగు గంటల్లో వీనస్ వంద రకాలుగా తిరుగుతుంది, అదంతా రాయను. సూదులు పెట్టి ఎక్కించాక తొలి ఐదు నిమిషాల్లో, ఫ్లో 200 ఉన్నప్పుడు ఎంత చూపిస్తే అంతే రాస్తాను. ఎప్పుడూ అదే ఫ్లో, అదే సైజు సూది. అలా అయితేనే ఈ వారం అంకెనీ పోయిన నెల అంకెనీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. నాకు 95 అటూ ఇటూగా ఉండేది. ఒక వేసవిలో 110 అయింది, తర్వాత 120, వానలు పడేనాటికి 135. అలారం ఒక్కసారి కూడా మోగలేదు, ఎందుకంటే అలారం హద్దు చాలా పైన ఉంటుంది. ఒక్కో రోజు ఒక్కో కుర్రాడు ఎక్కిస్తాడు, ఇవాళ్టి 135 అతనికి ఇవాళ్టి 135 మాత్రమే. వేసవి నాటి 95 నా పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

దాంతోబాటు ఇంకో రెండు తేడాలు వచ్చాయి. సూది తీశాక పది నిమిషాలు నొక్కితే ఆగే రక్తం పావుగంట దాటినా దూదిని తడుపుతూనే ఉంది. ఫిస్టులా మీద వేలు పెడితే సన్నగా జుమ్మని నిలకడగా తగిలేది కాస్తా టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. పుస్తకం తీసుకెళ్లి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, చేయి పట్టుకుని చూసి, రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ రాశారు. సూర్యారావుపేటలో స్కాన్ తీయిస్తే పైకి వెళ్లే నరం ఒకచోట ఇరుకైపోయిందని తేలింది. బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. మళ్లీ వంద లోపుకి వచ్చింది. ఇంకో నెల ఆగితే ఫిస్టులా మూసుకుపోయేదని, అప్పుడు మళ్లీ మెడలో గొట్టమేనని ఆయనే అన్నారు.

ఈ ఫిస్టులా ఆపరేషన్ 1966లో న్యూయార్క్ డాక్టర్లు బ్రెషా, సిమినో, వాళ్ల తోటివాళ్లు లోకానికి చెప్పింది. ఇన్నేళ్లయినా దీన్ని మించిన దారి రాలేదు. దాన్ని కాపాడుకునే పని మాత్రం మనదే. రోజూ పొద్దున పళ్లు తోముకున్నాక ఒకసారి వేలు పెట్టి చూసుకోండి. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి, దాన్ని తలకింద పెట్టుకుని పడుకోకండి.

నాలుగో గడి, చివర్లో దించే ముందు మొత్తం ఎంత రక్తం ఫిల్టరు గుండా పోయిందో ఆ లీటర్లు. చాలా మెషిన్లలో ఆ అంకె ఉంటుంది, స్క్రీన్ మార్చి చూపించమంటే చూపిస్తారు. నిమిషానికి 300 చొప్పున నాలుగు గంటలంటే 72 లీటర్లు రావాలి. ఒకరోజు నాకు 63 వచ్చింది. గోడ గడియారం ప్రకారం నాలుగు గంటలూ అయిపోయాయి. ఆ తొమ్మిది లీటర్లు ఎక్కడ పోయాయని చూస్తే, అలారాలకి పంపు ఆగిన నిమిషాలూ, మధ్యలో ఫ్లో తగ్గించి మళ్లీ పెంచడం మరిచిపోయిన సమయమూ కలిసి అరగంట డయాలసిస్‌తో సమానం. ఊరికే గొడవపడలేదు, అంకె చూపించాను. అరగంట పెంచారు.

టీఎంపీ, అంటే ఫిల్టరు పొరకి అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా, దాని గురించి నేనేమీ రాయను. అది ఫిల్టర్ని బట్టి, లాగే నీటిని బట్టి మారుతుంది, టెక్నీషియన్లకే వదిలేద్దాం.

మెషిన్ మీద ఎంత వెతికినా కనపడని అంకె ఒకటుంది, పొటాషియం. దానికి అలారం లేదు, నొప్పి లేదు, తిన్నగా గుండె మీదకే పోతుంది. బెజవాడ ఎండల్లో బెంజి సర్కిల్ దగ్గర కొబ్బరి బోండాం కనపడితే నోరూరుతుంది, నాకు తెలుసు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ పేషెంటుకి అదే ప్రమాదం. నెలనెలా రక్త పరీక్ష కాగితం తెచ్చుకుని అందులో పొటాషియం, ఫాస్ఫరస్, హిమోగ్లోబిన్ చూసుకోండి. మీ 3.4 కిలోల సంగతికొస్తే, అది నీళ్ల వల్ల వచ్చిందనుకుంటారు అందరూ. నేనంటాను, ఆవకాయ వల్ల. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక ఊరుకోలేడు. గుంటూరాయన ఇంట్లో ఊరగాయ లేకుండా ముద్ద దిగదని తెలిసే చెప్తున్నాను.

గోడవైపు పడుకునేవాణ్ని, తెనాలి

అన్నయ్యా, ఇవన్నీ చదివితే నాకు చెమటలు పట్టాయి. నేను మెషిన్ వైపు చూడనే చూడను. ఎక్కించగానే గోడవైపు తిరిగి చెవిలో పాటలు పెట్టుకుంటాను. అంకెలు చూసినవాళ్లకి టెన్షన్ తప్ప ఏం ఒరిగింది? చూసుకోవడానికి వాళ్లకి జీతాలిస్తున్నారు కదా.

పటమట లెక్కల టీచర్

తమ్ముడూ, నీ ఇష్టం. గోడవైపు తిరిగినా ఫిస్టులా చేయి మాత్రం వార్డు వైపు పెట్టు.

సింగ్‌నగర్ కుర్రాడు

టీచర్ గారి పుస్తకం ఐడియా మా నాన్నకి ఈ రోజే మొదలుపెట్టించాను. మాది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధంతా మునిగినప్పుడు నాన్న డయాలసిస్ తప్పిపోయింది. పడవ మీద మెయిన్ రోడ్డుకి చేర్చి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఐదు కిలోల పైన పెరిగి, పడుకుంటే ఆయాసం, కూర్చుంటేనే ఊపిరి.

నేనూ మా అన్నయ్యా ఒకటే గోల, మొత్తం ఐదు లీటర్లూ తీసేయండని. డ్యూటీ డాక్టరు ముందు ఈసీజీ తీయించారు, పొటాషియం పరీక్షకి రక్తం పంపారు. తర్వాత మెషిన్ మీద మూడు లీటర్లకి కాస్త అటూ ఇటూగా పెట్టి, మిగతాది మర్నాడు పిలిచి తీశారు. అప్పుడు మాకు కోపం వచ్చింది, సగం పని చేసి పంపించేశారనుకున్నాం. గంటకి ఇంత అని లెక్క ఉంటుందని పైన చదివాక అర్థమైంది. ఆ ఐదూ ఒకేసారి లాగి ఉంటే బీపీ ఏమయ్యేదో!

నాదొక డౌటు. కండక్టివిటీ అలారం వచ్చినప్పుడల్లా నాన్న భయపడతారు. రక్తంలోకి కరెంటు పోతుందేమోనని ఆయన అనుమానం. నవ్వకండి, నేనూ గట్టిగా కాదని చెప్పలేకపోయాను. ఇంకోటి, వారానికి రెండే చేస్తున్నాం. కేటీ బై వీ 1.2 వచ్చింది, చాలు అంటున్నారు. నిజంగా చాలా?

టెక్నీషియన్, బెజవాడ

తమ్ముడూ, నాన్నగారికి ధైర్యం చెప్పు, కరెంటు సంగతే లేదు. పార్ట్ ఏ అనే లవణాల ద్రవం క్యాన్ ఒకటి, బైకార్బొనేట్ ఒకటి, ఆర్వో నీళ్లు, ఈ మూడూ మెషిన్ లోపల కలిసి ఫిల్టర్లోకి వెళ్లే ద్రవం తయారవుతుంది. అందులో లవణాలు సరిపాళ్లలో ఉన్నాయా అన్నది కొలిచేదే కండక్టివిటీ. ఇంచుమించు 14.0 అంటే సోడియం 140 దగ్గర ఉన్నట్టు. మామూలుగా 13.5కీ 14.5కీ మధ్య ఉంటుంది. పాళ్లు తప్పితే మెషిన్ ఆ ద్రవాన్ని ఫిల్టరు దాకా రానివ్వకుండా పక్క దారిన డ్రెయిన్‌లోకి పంపేస్తుంది. అంచేత మనిషికి హాని లేదు. ఎక్కువసార్లు కారణం క్యాన్ అయిపోవడమే. అయితే ఆ కాసేపూ రక్తం శుభ్రపడదు కాబట్టి ఎంత తొందరగా క్యాన్ మారిస్తే అంత మంచిది. అలారం మోగి ఎవరూ రాకపోతే పిలవండి. బటన్ మాత్రం మీరు నొక్కొద్దు, సైలెంట్ చేస్తే మాకు వినపడేది కూడా పోతుంది.

కండక్టివిటీతో పేషెంటుకి ఇంకో సంబంధం ఉంది. డయాలసిస్ అయి ఇంటికెళ్లాక విపరీతంగా దాహం వేస్తోందంటే ద్రవంలో సోడియం మీకు ఎక్కువ పెడుతున్నారేమో డాక్టరు గారిని అడగండి. టీచర్ గారు చెప్పిన ఆవకాయ ఎలాగూ ఉంది, మన వైపు నుంచి కూడా ఉప్పు ఎక్కిస్తే ఇంక మనిషి ఆగగలడా?

కేటీ బై వీ గురించి. రక్తం ఎంత శుభ్రపడిందో చెప్పే లెక్క అది. 1.2 కనీసం అన్నది వారానికి మూడుసార్లు చేసుకునేవాళ్లకి పెట్టిన హద్దు, గురి పెట్టుకోవాల్సింది 1.4. వారానికి రెండే అయితే ఆ హద్దుతో సరిపెట్టుకోవడం కుదరదు. నాన్నగారికి ఇంకా మూత్రం వస్తోందా, ఎంత వస్తోంది అన్నదాన్ని కలిపి చూడాలి. ఒక రోజంతా మూత్రం పట్టి కొలిచి డాక్టరు గారికి చూపించండి. మెషినే లెక్కగట్టి చూపించే కేటీ బై వీ అయితే, అందులో ఎత్తు, బరువు, వయసు సరిగ్గా కొట్టారో లేదో కూడా చూడాలి. పోయిన షిఫ్టు పేషెంటు వివరాలు అలాగే ఉంటే అంకె అందంగానే వస్తుంది, అర్థం ఉండదు. దాన్ని సరిచూసుకోవడానికి తేలిక లెక్క యూరియా. ముందు 120 ఉండి, అయ్యాక 40 అయితే మూడింట రెండొంతులు తగ్గినట్టు, అంటే 66 శాతం పైన. 65 దాటాలంటారు.

మిర్చియార్డు గుమాస్తా, గుంటూరు

మళ్లీ నేనే. టీచర్ గారు తిట్టినట్టు చెప్పినా సరే, మొహమాటం వదిలి ఆ అట్టముక్క డాక్టరు గారికి చూపించాను. ఆయన విసుక్కోలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కాళ్లు నొక్కి చూశారు, ఊపిరితిత్తులు విన్నారు, ఎక్స్‌రే తీయించారు. ఒళ్లు కొంచెం వచ్చింది కాబట్టి డ్రై వెయిట్ 62.5 చేశారు, సోమవారాలు మాత్రం నాలుగున్నర గంటలు రాశారు. ఈ సోమవారం లుంగీ మీద 64.9తో ఎక్కాను. గోల్ 2900, రేటు 644 వచ్చింది. పిక్కలు పట్టలేదు. మా ఆవిడ ఊరగాయ జాడీ అటక మీదకి ఎక్కించింది, దానికి మాత్రం టీచర్ గారే బాధ్యులు.

కాటా విషయం చెప్తే హెడ్ సిస్టర్ ముందు చిరాకుపడింది, తర్వాత అందరికీ అదే పద్ధతి పెట్టింది. టెక్నీషియన్ కుర్రాడు మాత్రం "బాబాయ్, మీరు పరీక్ష రాసి మా డ్యూటీకి వచ్చేయండి" అంటున్నాడు.

కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. బీపీ పడకుండా టెంపరేచర్ 36కి తగ్గించారు. బయట రోహిణి కార్తె ఎండలు, లోపల నాకు వణుకు. రెండు దుప్పట్లు కప్పుకుంటున్నాను. ఇది మామూలేనా?

టెక్నీషియన్, బెజవాడ

మామూలే బాబాయ్. ఫిల్టర్లోకి వెళ్లే ద్రవం చల్లగా ఉంటే రక్తనాళాలు కాస్త బిగుసుకుని బీపీ నిలబడుతుంది, అందుకే తగ్గిస్తారు. చలి మరీ భరించలేకపోతే చెప్పండి, డాక్టరు గారిని అడిగి 36.5 చేస్తారు. సాక్సులు తొడుక్కోండి, మంకీ క్యాప్ పెట్టుకోండి, మా దగ్గర మే నెలలో కూడా పెట్టుకునేవాళ్లున్నారు. కానీ ఎక్కించిన గంటలోపు పళ్లు టకటకలాడేంత చలి వచ్చి జ్వరం తగిలితే అది టెంపరేచర్ అంకె వల్ల కాదు. ఇన్‌ఫెక్షన్ అయి ఉండొచ్చు. దుప్పటి కప్పుకుని ఓర్చుకోకుండా అప్పటికప్పుడు సిస్టర్ని పిలవండి. మెడలో గొట్టం ఉన్నవాళ్లకైతే మరీ ముఖ్యం.